ఆరోగ్యశ్రీ ఉన్నా నెలకు 6,800 గోలీలకే పోతున్నయ్ అక్కా, ఏం చెయ్యాలె?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది దేవరకొండ దిక్కు ఒక పల్లె, కిరాణ దుకాణం నడుపుతున్న. నాయినకు 73, అమ్మకు 67. నాయినకు పదిహేనేండ్ల సంది షుగర్, బీపీ. మూడేండ్ల కింద హైదరాబాద్‌ల గుండెకు స్టెంట్ వేసిన్రు, అది ఆరోగ్యశ్రీల అయింది, రూపాయి తీసుకోలె. అమ్మకు బీపీ, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు. ఇప్పుడు ఇద్దరి మందులకు కలిపి నెలకు 6,800 అయితున్నయ్, నాయినకొచ్చే పింఛనేమో 2,016. ఆరోగ్యశ్రీ ఉంది, డెబ్బై దాటినోళ్లకిచ్చే ఆయుష్మాన్ కార్డు గూడ మొన్ననే చేయించిన, మెడికల్ షాపుల అడిగితే ఏ కార్డు చెల్లదన్నరు. తమ్ముడు చౌటుప్పల్‌ల ఒక కంపెనీల చేస్తడు, జీతం 18 వేలు, నెలకు రెండు వేలు పంపుతడు. నాయిన రోజుకు రెండుసార్లు వేసుకోవాల్సిన షుగర్ గోలీ ఏడాది సంది పొద్దున ఒక్కటే వేసుకుంటుండని మొన్న అమ్మ చెప్తే తెలిసింది, అడిగితే నాకేమైతదిరా అంటడు. సబ్ సెంటర్‌ల బీపీ గోలీలు ఉత్తగనే ఇస్తరు గని అవి పని చెయ్యవని ఊర్ల అందరు అంటరు. చీటీలు, బిల్లుల ఫొటోలు పంపుతున్న. దారి చెప్పు అక్కా.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంల అసలు మాట నువ్వు మధ్యల ఏదో లెక్కకు చెప్పినట్టు చెప్పి దాటేసినవ్, చౌటుప్పల్‌ల ఉన్న మీ తమ్ముని గురించి. జీతం 18 వేలు అంటున్నవ్ కదా, ఇయ్యాలనే ఫోన్ చేసి పేస్లిప్ తీసి చూడుమను, అందుల ఈఎస్ఐ అని 135 రూపాయలు కట్ అయితున్నయా లేదా. పది మంది, అంతకన్న ఎక్కువ పనిచేసే కంపెనీలల్ల నెలకు 21,000 లోపు జీతం ఉన్నోళ్లకు ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉండాలె, జీతంల నుంచి 0.75 శాతం కోస్తరు, కంపెనీ ఇంకో 3.25 శాతం కడుతది. ఆ 135 తోని మీ తమ్మునికే కాదు, అతని మీద ఆధారపడ్డ అమ్మానాయినలకు గూడ వైద్యం ఉంది, అమ్మానాయినల ఆదాయం నెలకు 9,000 దాటొద్దు అంతే. నేను ఎందుకు ఇంత పట్టి చెప్తున్ననంటే, నీ దగ్గరున్న కార్డులన్నిట్ల రోజూ మింగే గోలీకి పనికొచ్చేది ఈ ఒక్కటే. ఈఎస్ఐ డిస్పెన్సరీల డాక్టర్ చూస్తడు, మందులు ఆడనే ఇస్తరు, పైసలుండయ్. చానమంది పిల్లలు కంపెనీల చేరేటప్పుడు ఫారంల పెండ్లాం పిల్లల పేర్లు రాసి అమ్మానాయినల పేర్లు వదిలేస్తరు, లేకపోతే హెచ్ఆర్ వాళ్లే ఏదో ఒకటి ఎక్కించేస్తరు. పేర్లు తర్వాత గూడ ఎక్కించొచ్చు, ఆధార్ కావాలె, ఫొటో కావాలె. కుటుంబం ఒక ఊర్ల, పని చేసే మనిషి ఇంకో ఊర్ల ఉంటే కుటుంబానికి దగ్గర్ల ఉన్న డిస్పెన్సరీ వేరేగ పెట్టుకోవచ్చు, ఆ సంగతి గూడ హెచ్ఆర్‌నే అడగమను, వాళ్లు తెల్వదంటే కంపెనీ నుంచి ఈఎస్ఐ ఆఫీసు పేరు తీసుకొని మనిషే పోవాలె.

ఆడికి పోయినంక ఒకటి మనసుల పెట్టుకో, మీ చీటీల ఉన్న కంపెనీ పేరే కావాలంటే ఈయ్యరు, అదే మందు వేరే పేరుతోని ఇస్తరు, డిస్పెన్సరీ డాక్టర్ తన చీటీ మీద మళ్ల రాస్తడు. పాత చీటీలు, స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జ్ కాయితం, పాత రిపోర్టులు అన్ని ఒక కవర్ల పెట్టుకొని పోండ్రి. నాయినను వెంట తీసుకపోవాలె, మనిషి లేకుంట మొదటిసారి పని కాదు.

ఇగ కార్డుల సంగతి. ఇది అందరికి తెలిసినట్టే ఉంటది గని ఎవ్వరికీ సక్కగ తెల్వది, నేను సర్కారు దవాఖానల మందుల కౌంటర్ల పని చేసి రిటైరైన దాన్ని, కౌంటర్ ముందట కార్డు చూపెట్టి మందులడిగే ముసలోళ్లను రోజూ చూసిన. ఆరోగ్యశ్రీ 2007ల ఉమ్మడి రాష్ట్రంల మొదలైంది, 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంల దాని పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిన్రు. నువ్వు చేయించిన డెబ్బై ఏండ్ల కార్డు ఆయుష్మాన్ వయ వందన, 2024 అక్టోబర్ 29న కేంద్రం మొదలుపెట్టింది, పేదా పెద్దా లేకుంట ఆధార్ల వయసు 70 ఉంటే చాలు, ఏడాదికి 5 లక్షలు. మంచివే, చేయించుకోవాల్సిందే, కాదంటలేను. గని రెండూ మంచమెక్కినోనికే. దవాఖానల చేరితే, ఆపరేషన్ అయితే పనికొస్తయ్, ఆయుష్మాన్ల డిశ్చార్జ్ అయినంక 15 రోజుల దాకా మందులు దాంట్లనే వస్తయ్, పదహారో రోజు నుంచి నీ జేబు నీదే. అంటే ఏమైంది, గుండె ఆగేదాకా వస్తే లక్షలు పెడతం, ఆ గుండె ఆగకుంట చూసే గోలీకి మాత్రం నువ్వే తిప్పలు పడు అన్నట్టుంది. నాకు ఈ లెక్క ఎన్నడు మింగుడు పడలె, ఎవరు పెట్టిన పథకమైనా సరే.

ఆరోగ్యశ్రీల ఇంకొకటి ఉంది, నీకు దాటిపోయింది గని చదివేటోళ్లకు పనికొస్తది కాబట్టి చెప్తున్న. కొన్ని పెద్ద ఆపరేషన్లకు ఫాలో అప్ ప్యాకేజీ అని ఉంటది, ఆపరేషన్ తర్వాత చెకప్పులు, పరీక్షలు, మందులు ఏడాది దాకా దాంట్లనే ఇస్తరు. దవాఖానోళ్లు అడగంది చెప్పరు. డిశ్చార్జ్ అయ్యే రోజు బిల్లుల కౌంటర్ కాడ గాదు, ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర కూసునే బల్ల కాడికి పోయి మా పేషెంటుకు ఫాలో అప్ ఉందా, మందులు ఏ తారీకున ఇస్తరు అని అడిగి కాయితం మీద రాయించుకోవాలె. ఆరోగ్యమిత్ర దొరకకపోతే 104కు ఫోన్ చెయ్యండ్రి.

ఇప్పుడు మీ బిల్లు. ఫొటోలు పెద్దగ చేసి చూసిన. నాయినది 4,900, అమ్మది 1,900. నాయిన 4,900ల 1,800 ఒక్క గోలీకే పోతున్నయ్, ఎంపాగ్లిఫ్లోజిన్ 10 అనే షుగర్ మందు, మొదట్నుంచి అమ్మిన పెద్ద కంపెనీది, గోలీ ఒక్కటికి 60 రూపాయలు. ఇది చీటీల ఎప్పుడెక్కింది చూసినవా, ఆర్నెల్ల కింద. దాని పైన డాక్టర్ రాసిన షుగర్ రీడింగులు చూసినవా, పెరిగినయ్. ఎందుకు పెరిగినయ్ అనేది నువ్వే రాసినవ్, నాయిన అప్పటికే రాత్రి గోలీ బంద్ పెట్టిండు. ఆ గోలీ సిటాగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ కలిసింది, ఒక్కటి 20 రూపాయలు, రోజుకొకటి మిగిలిస్తే నెలకు 600. నాయిన 600 మిగిలిస్తున్ననుకున్నడు, షుగర్ పెరిగింది, డాక్టర్‌కు ఏం తెలుసు, మందు చాలుతలేదనుకొని ఇంకోటి ఎక్కించిండు, 1,800 పెరిగినయ్. పైగ మీ బిల్లుల రెండో గోలీ గూడ పూరా నెలకు కొంటనే ఉన్నరు, అంటే మిగిలిన గోలీలు ఇంట్లనే ఏదో డబ్బల ఉండాలె, వెతుకు, దొరికితే మీద తారీకు చూడు.

నాయిన మీద కోపం చెయ్యకు. చేసినవంటే రేపటి సంది అమ్మకు గూడ తెల్వకుంట చేస్తడు. మన దిక్కు ఆ తరం మొగోళ్లకు కొడుకుల పైసలు మందులకు పెట్టిచ్చుడంటే తల తీసేసినట్టుంటది, కరువుల బతికినోళ్లు, పాలమూరు నుంచి బొంబాయి పోయి మట్టి మోసి పిల్లల్ని సాదినోళ్లు, నల్లగొండల బోర్లు ఎండి అప్పులు తీర్చినోళ్లు, వాళ్లకు ఖర్చు తగ్గించుడొక్కటే తెలుసు. అందుకే ఆరోగ్యం గురించి చెప్పకు, లెక్క చెప్పు. నాయినా నువ్వు ఆరు వందలు మిగిలిస్తే పద్దెనిమిది వందలు పెరిగినయ్, ఇగో బిల్లు అని చూపెట్టు. దుకాణం నడిపేటోనికి నీకు చెప్పేదేముంది. తర్వాత డాక్టర్ దగ్గర గూడ ఈ మాట దాచొద్దు, ఏడాది సంది సగమే వేసుకున్నడు అని చెప్పాలె, నాయిన చెప్పడు, నువ్వే చెప్పాలె. సగం వేసుకున్న మనిషికి రాసిన మందులు పూరా ఒక్కసారే వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు, 73 ఏండ్ల మనిషికి అది ఎక్కువ ప్రమాదం. కాబట్టి డాక్టర్ను కలిసేదాకా రాత్రి గోలీ ఒక్కసారే మళ్ల మొదలుపెట్టకండ్రి, అట్లని ఈ వారం దాటించకండ్రి.

ఆ 60 రూపాయల గోలీ మాట. దాని పేటెంట్, అంటే కనిపెట్టిన కంపెనీకే ఉండే హక్కు, 2025 మార్చిల అయిపోయింది. పేటెంట్ అయిపోంగనే మన దేశం కంపెనీలన్ని అదే మందు చేసుడు మొదలుపెట్టినయ్, గోలీ పది రూపాయలకు అటూ ఇటూల దొరుకుతుంది, కొన్ని ఇంకా తక్కువకే. నెలకు 1,800 పోయేకాడ 300. సిటాగ్లిప్టిన్‌కు గూడ 2022ల ఇట్లనే అయింది, ఆ ఏడు సెప్టెంబర్‌ల జన ఔషధి అనే కేంద్ర సర్కారు తక్కువ ధర మందుల దుకాణాలల్ల 50 ఎంజీ గోలీలు పది 60 రూపాయలకు పెట్టిన్రు, మెట్‌ఫార్మిన్ కలిసింది 65, అప్పటికి పేరున్న కంపెనీలవి పది గోలీలు 162 నుంచి 258 దాకా ఉండె. మీరు ఇప్పటికి పది గోలీలకు 200 పెట్టి కొంటున్నరు. నెలకు 60 గోలీలు, 1,200 కాడ 390 లెక్కన పోయేది. ఈ రెండు గోలీల మీదనే నెలకు 2,300 తగ్గుతది, ఇంకా వేరేవి ముట్టుకోలె. మరి డాక్టర్ ఎందుకు మార్చలె అంటవా, అలవాటు, ఇంకేం లేదు అని మంచిగ అనుకుందాం. మెడికల్ షాపోడు తనంతట తను చీటీల ఉన్న పేరు మార్చి వేరే కంపెనీది ఇయ్యొద్దని రూలుంది, అందుకే మార్చుడు డాక్టర్ చీటీ మీదనే కావాలె. డాక్టర్ను ఇట్ల అడుగు, సార్ ఈ మందుకు పేటెంట్ అయిపోయిందట కదా, మాకు నెలకు కష్టమైతుంది, కంపెనీ పేరు కాకుండ మందు పేరు రాసియ్యుండ్రి, జన ఔషధిల తెచ్చుకుంటం. ఇట్ల అడిగితే కసురుకునే డాక్టర్లు తక్కువ. డాక్టర్లు వీలైనంత వరకు మందు అసలు పేరుతోనే, పెద్దక్షరాలల్ల రాయాలని వాళ్ల కౌన్సిల్ నిబంధనల్ల ఎప్పటి సందో ఉంది. 2023 ఆగస్టుల దాన్ని గట్టిగ చెయ్యబోయిన్రు, డాక్టర్ల సంఘాలు లొల్లి చేస్తే అదే నెలల ఆపేసిన్రు.

ఎంపాగ్లిఫ్లోజిన్ అసలే బంద్ చేయించుదమా అని నీకు అనిపిస్తది, నాకూ మొదలు అనిపించింది. గని షుగర్ ఉండి గుండెకు స్టెంట్ ఉన్నోళ్లకు ఆ మందు గుండెకు గూడ మేలు చేస్తది, అందుకే డాక్టర్ ఉండనియ్యమంటే ఉండనియ్యండ్రి, తక్కువ ధరది తెచ్చుకోండ్రి.

మిగిలినవి చూద్దాం. గుండెకిచ్చిన క్యాప్సూల్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మూడు కలిసింది. దీన్ని ఎవ్వరి మాట విని ఒక్క రోజు గూడ బంద్ పెట్టొద్దు, స్టెంట్ల గడ్డ కడితే మళ్ల లక్షల పని. కాకపోతే మూడేండ్లయింది కదా, రెండు రక్తం పలుచన చేసే మందులు ఇంకా కావాల్నా, ఒక్కటి చాలా అని గుండె డాక్టర్నే అడగొచ్చు, మామూలుగ స్టెంట్ వేసినంక ఏడాది దాకా రెండిస్తరు, తర్వాత మనిషిని బట్టి చూస్తరు. గ్యాస్ గోలీ పాంటాప్రజోల్, డోంపెరిడోన్ కలిసింది రాసిన్రు. ఆస్పిరిన్ వేసుకునే ముసలాయనకు కడుపుల పుండు కాకుంట పాంటాప్రజోల్ ఉండాలె, సరే. అందుల డోంపెరిడోన్ ఎందుకు? వాంతులు, కడుపుబ్బరం ఉన్న నాలుగు రోజులకిచ్చేది అది, గుండె జబ్బున్న పెద్దోళ్లకు నెలల తరబడి మంచిది గాదు. ఒట్టి పాంటాప్రజోల్ చాలునా సార్ అని అడుగు, 400 కాడ యాభై అరవైకొస్తది. నరాల గోలీ 500, మల్టీవిటమిన్ 350. కాళ్ల మంటలున్నయా నాయినకు? ఉంటే నరాల గోలీకి అర్థముంది, లేకపోతే అది ఎప్పుడో ఒకసారి రాసింది చీటీ మీద అట్లనే ఉండిపోయినట్టు. మెట్‌ఫార్మిన్ ఏండ్లకేండ్లు వేసుకుంటే బీ12 తగ్గుతది, ఆ పరీక్ష ఒకసారి చేయించి తక్కువుంటే బీ12 ఒక్కటి వేసుకుంటే అయిపాయె, ఇరవై రకాల విటమిన్లు కలిపిన రంగు డబ్బ ఎందుకు.

అమ్మ చీటీల గూడ ఒక గ్యాస్ గోలీ ఉంది, వేరే డాక్టర్ రాసింది, వేరే పేరు. అది నొప్పుల గోలీ వేసుకుంటున్నదని రాసిన్రు. ఇగ ఆ నొప్పుల గోలీ చూడు, అసిక్లోఫెనాక్, రోజూ. బీపీ ఉన్న 67 ఏండ్ల మనిషి రోజూ అది వేసుకుంటే బీపీ పెరుగుతది, కిడ్నీలు దెబ్బతింటయ్. బీపీకి మందిచ్చుకుంట బీపీ పెంచే మందిచ్చినట్టయింది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు చిన్నప్పటి సంది తాగిన తరానికి ఎముకలు, కీళ్లు పట్టేసుడు మామూలే, అమ్మగారి పుట్టినూరు ఆ దిక్కే అయితే ఎముకల డాక్టర్‌కు ఆ మాట ముందే చెప్పండ్రి. మోకాళ్లకు రాసిన గ్లూకోసమిన్ 700 రూపాయలది, దాంతోని నొప్పి తగ్గుతదని గట్టి రుజువు లేదు, నా చేతుల ఉంటే మొదలు కొట్టేసేది అదే. నొప్పికి పారాసిటమాల్, తొడ కండరాల వ్యాయామం, పైపూత మందు, ఇవి ముందు. ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే రెండు రోజుల్ల లేచి నడుస్తరు చూడు, అందుల చానసార్లు స్టెరాయిడ్ ఉంటది, నాయిన అసుంటి షుగర్ మనిషికైతే ఇంకా ముప్పు.

థైరాయిడ్ గోలీని మాత్రం ముట్టకు. నెలకు యాభై రూపాయలు గూడ కాదు, దాంట్ల మిగిలేదేం లేదు, పైగ కంపెనీ మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ల టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాల్సొస్తది. ఫిట్స్ మందులు, రక్తం గడ్డకట్టకుండ ఇచ్చే వార్ఫరిన్ వేసుకునేటోళ్లు గూడ డాక్టర్‌కు చెప్పకుంట కంపెనీ మార్చొద్దు.

సబ్ సెంటర్ గోలీలు పని చెయ్యవు అనే మాట. ఊర్ల ఈ మాట ఎందుకొచ్చిందో నాకు తెలుసు. తెల్లటి స్ట్రిప్, మీద మెరుపు లేదు, పేరు లేదు, ఉత్తగ ఇచ్చిన్రు, ఉత్తగ వచ్చిందానికి విలువెక్కడిది. నాయిన వేసుకునే బీపీ గోలీ స్ట్రిప్ తీసి వెనుకకు తిప్పి చూడు, కంపెనీ పెట్టిన పేరు పెద్దగ ఉంటది, దాని కింద చిన్నక్షరాలల్ల టెల్మిసార్టన్ 40 ఎంజీ, ఆమ్లోడిపిన్ 5 ఎంజీ అని ఉంటది. ఇప్పుడు ఏఎన్ఎం ఇచ్చే రెండు స్ట్రిప్పులు పక్కన పెట్టు, ఒకదాని మీద టెల్మిసార్టన్ 40, ఇంకోదాని మీద ఆమ్లోడిపిన్ 5. అదే మందు, ఒక్క గోలీ కాకుండ రెండు మింగాలె, అంతే తేడా. నెలకు 300 మిగిలినట్టే. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ గూడ ఆడనే ఇస్తరు. బీపీ, షుగర్ అసుంటివి ఉన్నోళ్ల పేర్లు రాసే ఎన్‌సీడీ రిజిస్టర్ల పేరెక్కితే నెల నెలా ఆశ వర్కర్ లెక్క రాసుకుంటది. సర్కారు మందులు టెండర్ల కొంటరు, బ్యాచులు ల్యాబుల పరీక్ష అయితయ్. నాసిరకం అసలే రాదా అంటే రాదని నేను చెప్ప, కేంద్ర డ్రగ్ కంట్రోల్ వాళ్లు నెల నెలా నాణ్యత తప్పిన బ్యాచుల లిస్టు బయట పెడతరు, అందుల సర్కారుకు అమ్మినవి ఉంటయ్, పెద్ద పెద్ద పేర్లున్నవి గూడ ఉంటయ్. కాబట్టి ఊరోళ్ల మాట గాదు, నా మాట గూడ గాదు, మిషన్ మాట విను. గోలీ మార్చినంక రెండు మూడు వారాలు, వారానికి రెండుసార్లు సబ్ సెంటర్ల బీపీ చూపించి నోట్‌బుక్కుల రాయి. షుగర్‌కు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేయించు, పీహెచ్‌సీల రక్తమిస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ నుంచి ఉత్తగనే అయితది, రిపోర్టు ఫోన్‌కొస్తది. అంకెలు పెరగకపోతే గోలీ పని చేస్తున్నట్టే కదా. స్టాకు అప్పుడప్పుడు ఉండదు, అది నిజం, అందుకే ఇంట్ల వారం పదిరోజులవి మిగిలుండంగనే పోవాలె, లేదన్న ఒక్కటి బయట కొనుక్కోవాలె.

బయట అంటే జన ఔషధి. 2008ల మొదలైంది గని సక్కగ దుకాణాలు వచ్చింది ఈ పదేండ్లల్లనే. నల్లగొండల, మహబూబ్‌నగర్ల ఉన్నయ్, సుగమ్ అని ఫోన్ల యాప్ ఉంది, దగ్గర్ల దుకాణం ఏడుంది, మందు ధర ఎంత అన్ని చూపెడతది. పోయేముందు ఫోన్ చేసి ఉన్నదా అని అడుగు, దేవరకొండ నుంచి నల్లగొండ దాకా బస్సెక్కి పోతే లేదన్నరంటే పానం ఉసూరుమంటది. ఇప్పుడు ప్రతి సెంటర్ల జెనరిక్ మెడికల్ అని బోర్డులు వచ్చినయ్ చూడు, 80 శాతం డిస్కౌంట్ అని రాస్తరు, అవన్ని జన ఔషధి గాదు. ఆడ పేరు లేని కంపెనీ గోలీ మీద 120 రూపాయలు అచ్చేసుంటది, నీకు 40కి ఇస్తరు, నువ్వు 80 మిగిలినయనుకుంటవ్, షాపోనికి అది పడ్డది పదిహేనుకో ఇరవైకో. దుకాణదారునివి, నీకిది తెల్వనిదా. డిస్కౌంట్ ఎంత అని గాదు, గోలీ ఒక్కటికి ఎంత పడ్డది అని చూడు. ప్రభుత్వం అందరికీ తప్పనిసరి అవసరమని పెట్టిన మందుల లిస్టుల ఉన్నవాటికి పై ధర కట్టేసింది, లిస్టుల లేనివాటికి ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోనిచ్చింది. ఒంటి మందు లిస్టుల ఉంటే దానికి ఇంకోటి కలిపి కొత్త పేరు పెట్టి లిస్టు బయటికి దాటించుడు కంపెనీలకు బాగ తెలిసిన విద్య, మీ చీటీలల్ల రెండేసి మూడేసి మందులు కలిసిన గోలీలు అన్నెందుకున్నయో ఇప్పుడు అర్థమైతుందనుకుంట. బిల్లు తప్పకుంట తీసుకో, 2025 సెప్టెంబర్ 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ధర అచ్చేసిన స్ట్రిప్ అయినా కొత్త లెక్కనే తీసుకోవాలె.

కల్వకుర్తి దిక్కు నుంచి ఒక చెల్లె గూడ ఇసుంటిదే అడిగింది, వాళ్ల మామ కంపెనీల పని చేసి రిటైరైండు, ఈఎస్ఐ పోయింది, ఇప్పుడేం దారి అని. పోలేదు చెల్లె. ఈఎస్ఐ కింద కనీసం ఐదేండ్లు చేసి వయసు అయిపోయి రిటైరైనోళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే మొగుడు పెండ్లాం ఇద్దరికీ ఈఎస్ఐ వైద్యం నడుస్తది. నెలకు గాదు, ఏడాదికే 120. సర్కారు ఉద్యోగం చేసి రిటైరైనోళ్లకు ఈహెచ్‌ఎస్ అనే ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంటది, దాని వెల్‌నెస్ సెంటర్లల్ల ఓపీ చూసి మందులు ఇస్తరు. పిల్లలు ఇన్‌కం టాక్స్ కట్టేటోళ్లయితే, పాత పద్ధతిల రిటర్న్ వేస్తే, ఇన్సూరెన్స్ లేని అరవై దాటిన అమ్మానాయినల మందుల ఖర్చు ఏడాదికి 50,000 దాకా తగ్గించి చూపెట్టుకోవచ్చు, నగదు గాకుండ ఫోన్‌పేలనో కార్డుతోనో కట్టినవైతేనే.

నీ పని వరుస చెప్పాలంటే, మొదలు తమ్మునికి ఫోను, ఈ వారంలనే నాయినను తీసుకొని డాక్టర్ దగ్గరికి, ఇంట్ల ఉన్న స్ట్రిప్పులన్ని, అమ్మవి గూడ, ఒక్క సంచిల వేసుకొని పోయి బల్ల మీద గుమ్మరించు, ఏది ఎందుకు, ఏది తీసేయొచ్చు అని ఒక్కొక్కటి అడుగు. నేను డాక్టర్ను గాదు, నేను కొట్టేస్తనన్నవి నువ్వు డాక్టర్ను అడగకుంట కొట్టేయకు. జనం ఎక్కువున్న రోజు పోతే వినే ఓపిక వాళ్లకుండదు, సోమవారం వద్దు. ఈఎస్ఐల పేర్లు ఎక్కినంక డిస్పెన్సరీల ఏ గోలీ లేదన్నరో వాటి పేర్లు రాసి పంపు, లేనివాటికి బయట కొని పైసలు తిరిగి తీసుకునే పద్ధతుంది, దానికి డాక్టర్ సంతకం ఏ కాయితం మీద కావాలె, బిల్లు ఎట్లుండాలె అనేది నీ కాయితాలు చూసి చెప్త.